ఇద్దరూ కలిసి నాలుగు రోజుల తీర నడక: ఉద్దానం ఒడ్డుకు బయలుదేరేముందు ఏం చేయాలి

వీపున సంచి వేసుకుని ఇద్దరు మనుషులు నాలుగైదు రోజులు నడవాలనుకున్నప్పుడు, ఆ నడక ఎలా సాగుతుందన్నది చాలావరకు ఇల్లు కదలకముందే తేలిపోతుంది. నలుగురైదుగురు వెళ్లిన చోట ఒకరు అలిగితే మరొకరు సర్దిచెబుతారు. ఒంటరిగా వెళ్లినవారు తమకు తామే జవాబుదారులు. ఇద్దరే ఉన్నప్పుడు మాత్రం మాట తేడా వస్తే మధ్యవర్తి ఉండరు, ఒకరికి కాలు బెణికితే రెండోవారి మీదే రెండు సంచుల బరువూ పడుతుంది. కాబట్టి ఇద్దరి ప్రయాణానికి జరిగే సన్నాహంలో సామాను కొనుగోలుకంటే ముందుగా మాట్లాడుకుని ఖాయం చేసుకోవలసిన విషయాలే ఎక్కువ. ఈ వ్యాసంలో ఆ పనులను, ఒకదాని మీద ఒకటి ఆధారపడే క్రమంలో, శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం అని పిలిచే తీరప్రాంతంలోని ఒక దారిని ఉదాహరణగా పెట్టుకుని వివరిస్తాను.

ఉదాహరణకు కొండదారి కాక తీరాన్నే ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలి. సీతంపేట, పాలకొండ వైపు కొండలు అందమైనవే అయినా, ఒడిశా అడవుల నుంచి వచ్చిన ఏనుగుల గుంపులు ఆ ప్రాంతాల్లో కొన్నేళ్లుగా తిరుగుతున్నాయి. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న ఆ మండలాల్లో స్థానికులే పొద్దుపోయాక బయటికి రావడానికి జంకుతారు. మొదటిసారి జతగా నడిచేవారికి అది తగిన చోటు కాదు. శ్రీకాకుళం తీరం అలా కాదు. సుమారు 193 కిలోమీటర్ల ఆ ఒడ్డు పొడవునా మత్స్యకారుల పల్లెలు ఉన్నాయి, లోపలివైపు కొంత దూరంలో హౌరా–చెన్నై రైలు మార్గమూ జాతీయ రహదారీ తీరానికి సమాంతరంగా సాగుతాయి, కనుక ఏ రోజు మానుకోవాలన్నా పడమటి ముఖం పట్టి పల్లెరోడ్డు ఎక్కితే ఆటో దొరుకుతుంది. వెనక్కి తిరగడం సులువుగా ఉండే దారిలోనే కొత్త జత తన శక్తిని పరీక్షించుకోవాలి.

ముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి

పటం తెరవకముందే ఒక సాయంత్రం తీరికగా కూర్చుని, ఒకరినొకరు కొన్ని ప్రశ్నలు సూటిగా అడగండి. మోకాలిలోనో మడమలోనో పాత నొప్పి ఉందా, రోజూ వేసుకునే మందులు ఏవి, దేనికైనా ఎలర్జీ ఉందా, ఈత వచ్చా, తెల్లవారుజామున లేవగలరా, చేపలు తింటారా, గురక పెడతారా, ఆరుబయట కాలకృత్యాలు తీర్చుకోవడానికి ఇబ్బంది పడతారా: వీటిలో సగం ప్రశ్నలు అడగడానికి మొహమాటంగానే ఉంటాయి. అయినా ఇంట్లో అడగడానికి మొహమాటపడిన ప్రశ్నే రెండో రోజు రాత్రి గుడారంలో తగవుగా బయటికొస్తుంది. భార్యాభర్తలు, అన్నదమ్ములు, చిన్ననాటి స్నేహితులు తమకు ఇవన్నీ తెలిసినవే అనుకుని ఈ మెట్టు దాటేస్తారు. నా అభిప్రాయంలో అడగవలసిన అవసరం వారికే ఎక్కువ, ఎందుకంటే ఇంట్లో కలిసి ఉండటమూ రోజుకు ఆరేడు గంటలు బరువు మోస్తూ కలిసి నడవటమూ ఒకటి కావు.

తరువాత వేగం సంగతి తేల్చుకోండి. ఇద్దరిలో ఎవరు నెమ్మదిగా నడుస్తారో వారి నడకే జతకంతటికీ కొలత కావాలి. ఇది అందరూ ఒప్పుకునే మాటే కానీ దారిలో అమలయ్యేది వేరు: చురుకైనవారు ముందుకు వెళ్లి ఒక నీడన కూర్చుంటారు, వెనకవారు రొప్పుతూ చేరుకోగానే ‘ఇక పోదామా’ అని లేస్తారు, దానితో విశ్రాంతి అవసరం లేనివారికే విశ్రాంతి దక్కుతుంది, అవసరమున్నవారికి అసలు దక్కదు. దీనికి మందలింపులకన్నా ఏర్పాట్లే మంచి మందు. నెమ్మదిగా నడిచేవారు ఎప్పుడూ ముందు నడవాలి. వేగంగా నడిచేవారు గుడారం, తాడు వంటి ఉమ్మడి బరువులో ఎక్కువ భాగం మోయాలి. గంటకు ఒకసారి, వెనకవారు వచ్చి సంచి దించిన క్షణం నుంచి లెక్కపెట్టి, పది నిమిషాలు ఇద్దరూ కూర్చోవాలి.

మూడోది, ఆపే హక్కు. ఇద్దరిలో ఎవరు ‘ఈ రోజుకు చాలు’ అన్నా, ‘ఈ నీళ్లలో దిగను’ అన్నా, ఆ మాటకు అప్పటికప్పుడు తిరుగు ఉండకూడదు. కారణాలు సాయంత్రం తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ముందుకు పోవడానికి ఇద్దరి ఒప్పుదలా కావాలి, ఆగడానికి ఒకరిది చాలు అన్న నియమాన్ని ఇంటి దగ్గరే పైకి అనుకుని ఒప్పుకోవాలి.

డబ్బు విషయంలో చెరి రెండు వేల రూపాయలు ఒక చిన్న సంచిలో వేసి, ఆటోలు, టిఫిన్లు, పడవ కూలి అన్నీ అందులోంచే ఇవ్వడం అన్నిటికన్నా తేలిక. పది, ఇరవై, యాభై రూపాయల నోట్లు ఎక్కువగా ఉంచుకోండి. పల్లెల్లోనూ ఫోన్‌తో చెల్లింపులు నడుస్తున్నాయి కానీ సిగ్నల్ లేని చోట పడవ నడిపే మనిషికి నోటే కావాలి.

ఇవన్నీ అయ్యాక ఒక రాత్రి ప్రయోగ నడక చేయండి. నిండు సంచులతో శ్రీకాకుళం నుంచి అరసవల్లి మీదుగా శ్రీకూర్మం చేరి, అక్కడ రాత్రి ఉండి, మర్నాడు కళింగపట్నం వైపు నడిస్తే రోడ్డు నడకా ఇసుక నడకా రెండూ అనుభవానికి వస్తాయి. విజయనగరం వాసులు రామతీర్థం దాకా ఒక పగలు నడిచి చూసినా, పూసపాటిరేగ మండలంలో చింతపల్లి ఒడ్డున ఒక పూట గడిపినా సరిపోతుంది. ప్రయోగంలో ఎవరి భుజం ఒరుసుకుపోయింది, ఎవరికి ఏ వస్తువు అసలు అవసరపడలేదు అన్నది కాగితం మీద రాసుకోండి. సంచి సర్దేటప్పుడు ఆ కాగితమే మీకు జాబితా.

కాలం, దిక్కు, తిథి

ఈ తీరంలో నడకకు అనువైన కాలం డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు. అక్టోబరు, నవంబరు నెలలను పూర్తిగా వదిలేయండి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, ఈ మూడు తుఫానులూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి, వాటిలో తిత్లీ అక్టోబరు 11న పలాస సమీపంలోనే తీరం దాటి ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. మార్చి నుంచి ఇసుక మీద ఎండ భరించడం కష్టం.

దారి పలాసలో మొదలుపెట్టండి. చాలా ఎక్స్‌ప్రెస్ రైళ్లు అక్కడ ఆగుతాయి. శ్రీకాకుళం కాంప్లెక్స్ నుంచి బస్సులూ ఉన్నాయి. అక్కడి నుంచి ఆటోలో వజ్రపుకొత్తూరు మండల తీరానికి, అంటే నువ్వలరేవు, అక్కుపల్లి ప్రాంతానికి చేరి, సముద్రాన్ని కుడిచేతివైపు ఉంచుకుని ఈశాన్య దిశగా నడవండి. మందస మండల తీరం దాటి బారువ చేరితే సగం దారి పూర్తయినట్టు. ఆపైన సోంపేట, కవిటి మండలాల ఒడ్డు వెంట సాగి, ఇచ్ఛాపురం మండలంలోని డొంకూరు దగ్గర నడక ముగించి, ఇచ్ఛాపురంలో రైలు ఎక్కవచ్చు. మొత్తం 50 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, కానీ మీరు దిగే పల్లెను బట్టి మారుతుంది కనుక పటం మీద మీరే కొలుచుకోండి. రోడ్డు మీద ఈ దూరం రెండు రోజుల పని. మెత్తటి ఇసుకలో నడవడానికి గట్టినేల మీదకంటే సుమారు రెండింతల శక్తి ఖర్చవుతుంది కాబట్టి రోజుకు 12 నుంచి 14 కిలోమీటర్లకు మించి పెట్టుకోకుండా నాలుగు రోజులుగా పంచుకోండి. దక్షిణం నుంచి ఉత్తరానికి నడవమనడానికి కారణం ఎండ: శీతాకాలపు సూర్యుడు దక్షిణంగా తిరుగుతాడు కనుక మధ్యాహ్నం నుంచి ఎండ వీపు మీద పడుతుంది, కళ్లలో పడదు. ఈశాన్యపు గాలి ఎదురొచ్చే రోజులు ఉంటాయి; ఎండకన్నా ఆ గాలే నయం.

తేదీ ఖాయం చేసేముందు గోడమీది క్యాలెండరులో తిథి చూడండి. తీర నడకలో ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు, పట్టణవాసులు ఎక్కువగా మరిచిపోయేదీ ఇదే. సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తి, రెండుసార్లు తీస్తుంది. ఒక పోటుకూ దాని తరువాతి పాటుకూ మధ్య ఆరుగంటల పైచిలుకు వ్యవధి ఉంటుంది. ప్రతి పోటూ ముందటి రోజుకంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనూ వాటి వెంటనే వచ్చే ఒకటి రెండు రోజుల్లోనూ నీరు బాగా పైకెక్కి బాగా కిందికి పోతుంది, అష్టమి ప్రాంతంలో ఈ హెచ్చుతగ్గులు తక్కువ. మన తీరంలో అమావాస్య, పౌర్ణమి నాళ్లలో పోటు సాధారణంగా ఉదయం ఎనిమిది, పది గంటల మధ్య వస్తుంది. అంటే మీరు నడవదలచిన చల్లని వేళలోనే నీరు ఒడ్డంతా ఆక్రమించి, మిమ్మల్ని పైనున్న వదులు ఇసుకలోకి నెడుతుంది. అదే అష్టమి, నవమి ప్రాంతంలో ఉదయం పూట నీరు తీసి ఉంటుంది, తడిసి గట్టిపడిన ఇసుక మీద పది గంటలలోపే రోజు నడకలో సగానికి పైగా పూర్తి చేయవచ్చు. కాబట్టి మీ నాలుగు రోజులు సప్తమి నుంచి దశమి మధ్య పడేలా చూసుకోండి. చేరిన మొదటి సాయంత్రమే ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న పెద్దవారినెవరినైనా ‘రేపు నీరెప్పుడు తీస్తాది బాబూ’ అని అడిగి సరిచూసుకోండి. ఫోన్‌లోని పట్టికకూ ఆయన మాటకూ తేడా వస్తే ఆయన మాటే పట్టుకోండి.

వాతావరణం కోసం విశాఖపట్నంలోని తుఫాను హెచ్చరికల కేంద్రం ప్రకటనలను, అలల ఎత్తు కోసం హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ సూచనలను బయలుదేరే ముందురోజు చూడండి. కళింగపట్నం ఓడరేవులో ప్రమాద సూచిక ఎగరేశారన్న వార్త పత్రికలో కనబడితే, నంబరు ఎంతైనా సరే, ప్రయాణం వాయిదా వేసుకోవాలి.

సంచులు సర్దడం

ఇద్దరి సామాను సర్దేటప్పుడు ప్రతి వస్తువునూ చేతిలో పట్టుకుని ఒకే ప్రశ్న అడగండి: మేమిద్దరం ఒక రాత్రి విడిపోతే ఇది లేనివారి గతేమిటి? ప్రాణానికో భద్రతకో సంబంధించిన వస్తువైతే ఇద్దరి దగ్గరా ఒక్కొక్కటి ఉండాలి. టార్చి, విజిల్, నీళ్ల సీసాలు, ఒక పూట తిండి, ఫోన్, చిన్న పవర్ బ్యాంకు, ఆధార్ కార్డు, కొంత నగదు, సొంత మందులు, ఒక దుప్పటి ఈ కోవలోకి వస్తాయి. గుడారం, తాడు, కత్తి, సూది దారం, పెద్ద మందుల డబ్బా, సబ్బు, టూత్‌పేస్టు వంటివి ఇద్దరికీ ఒకటే చాలు. గుడారాన్ని గుడ్డ ఒకరు, కర్రలు ఒకరుగా పంచుకునే అలవాటు చాలామందికి ఉంది. నేను మాత్రం మొత్తం గుడారం ఒకరికే ఇచ్చి, దానికి సరితూగే తిండి బరువు రెండోవారికి ఇవ్వడమే మేలంటాను. విడివిడి ముక్కల వల్ల ఎవరికీ నీడ దొరకదు.

నీళ్లతో సహా ఒక్కొక్కరి సంచి తొమ్మిది కిలోలు దాటకుండా చూసుకోండి. జనవరి రాత్రులు తీరంలో చల్లగా ఉంటాయి కానీ వణికించేంతగా ఉండవు. ఖరీదైన స్లీపింగ్ బ్యాగు అవసరం లేదు, ఒక ఉన్ని దుప్పటి, పలచని పరుపు షీటు చాలు. మంచు మాత్రం విపరీతంగా కురుస్తుంది. తెల్లారేసరికి గుడారం పైగుడ్డ నుంచి నీళ్లు కారుతుంటాయి కనుక బట్టలన్నీ ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి ఉంచండి.

పాదాల గురించి కొంచెం ఎక్కువ చెప్పక తప్పదు. బూటులో ఇసుక చేరడం, ఉప్పునీటిలో తడిసిన మేజోడు ఆరి గరుకెక్కడం, ఈ రెండే బొబ్బలకు కారణాలు. తడి ఇసుక మీద నడిచేటప్పుడు వెనక పట్టీ ఉన్న గట్టి చెప్పులు, తోటల్లోనూ రోడ్ల మీదా నడిచేటప్పుడు బూట్లు వేసుకోండి. ప్రతి సాయంత్రం పాదాలను మంచినీళ్లతో కడిగి, వేళ్ల సందులు తుడిచి, ఆముదమో వ్యాజలీనో రాసి, పొడి మేజోళ్లు తొడుక్కుని పడుకోండి. సముద్రపు ఒడ్డు వాలుగా ఉంటుంది కాబట్టి రోజంతా మీ కుడికాలు ఎడమకాలి కంటే పల్లంలో పడుతూ ఉంటుంది. రెండో రోజుకే కుడి మడమా ఎడమ మోకాలూ పీకడానికి కారణం అదే. గంటకోసారి ఆగినప్పుడు కాసేపు పైన చదునుగా ఉన్న చోట నడిచి కాళ్లను సరిచేసుకోండి. ఎవరికైనా ఎక్కడైనా మంట పుట్టినట్టు అనిపిస్తే, బొబ్బ లేవకముందే ఆగి అక్కడ ప్లాస్టరు అంటించాలి. జత నడకలో ‘వాళ్లను ఆపడమెందుకు’ అని ఆ మంటను దాచుకోవడం పెద్ద తప్పు, మరుసటి రోజు ఇద్దరినీ ఆపేది అదే.

నీళ్లు, తిండి

మనిషికి పూటకు రెండు లీటర్లు, మొత్తం రోజుకు నాలుగు లీటర్లు లెక్క వేసుకోండి. పల్లెలు దగ్గరదగ్గరగా ఉంటాయి కనుక ఒకేసారి మోయవలసింది రెండు, రెండున్నర లీటర్లే. అయితే ఎక్కడ నింపుకోవాలన్నది ఉద్దానంలో ఆలోచించవలసిన సంగతి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా పీడిస్తోంది. దాని కారణం ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. నాలుగు రోజులు తాగినంతమాత్రాన మీకేదో అయిపోతుందని భయపడవలసిన పని లేదు, కానీ అక్కడివారే తోటల్లోని బోరునీళ్లు తాగడం మానుకుని శుద్ధినీటి ప్లాంటు నుంచో కుళాయి పథకం నుంచో తెచ్చుకుంటున్నప్పుడు మీరూ అక్కడే నింపుకోవడం సబబు. కాచడం వల్ల సూక్ష్మజీవులు చస్తాయి కానీ నీటిలో కరిగిన లవణాలు పోవు. చేతిలో పట్టుకునే చిన్న ఫిల్టర్లూ అంతే.

స్టవ్ తీసుకెళ్లాలా అని చాలామంది అడుగుతారు. ఈ దారికి అక్కర్లేదు. గ్యాస్ డబ్బాలనూ కిరోసిన్‌నూ రైల్లో తీసుకెళ్లడం నిషేధం, పైగా ఒడ్డున గాలికి మంట నిలవదు, సరుగుడు తోపుల్లో రాలిన ఆకు ఎండి నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. ఉదయం ఏదో ఒక పల్లెలో టిఫిన్, రాత్రికి మకాం చేసిన ఊళ్లో చెప్పి వండించుకున్న అన్నం, మధ్యాహ్నానికి సంచిలోని పొడితిండి: ఇదే సరైన ఏర్పాటు. పొడితిండిగా అటుకులు, వేయించిన వేరుశనగలు, బెల్లం, చోడిపిండి (రాగిపిండి) సున్నుండలు, మామిడితాండ్ర, పలాస జీడిపప్పు తీసుకోండి. చోడిపిండిని దోరగా వేయించి తీసుకెళితే చల్లటి నీళ్లలో మజ్జిగతోనో బెల్లంతోనో కలుపుకుని అంబలిలా తాగవచ్చు. మందస కోవా చూస్తే నోరూరుతుంది గాని అది ఎండకు నిలవదు, కొన్న రోజునే తినేయాలి. చెమటలో పోయిన ఉప్పు కోసం ఓఆర్‌ఎస్ పొట్లాలు చెరి నాలుగు ఉంచుకోండి.

నడిచే రోజు

బయలుదేరే ముందు ఇంట్లో ఒకరికి కాగితం మీద నాలుగు విషయాలు రాసివ్వండి: ఏ రోజు ఏ పల్లెలో ఉంటారు, ఎన్ని గంటలకు ఫోన్ చేస్తారు, ఫోన్ రాకపోతే ఎంతసేపు ఆగి ఎవరికి చెప్పాలి, ఇద్దరి రక్తపు గ్రూపులూ మందులూ ఏవి. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, సముద్రంలో ప్రమాదమైతే కోస్టుగార్డు 1554. బారువలో మెరైన్ పోలీసు స్టేషన్ ఉంది; పలాస, సోంపేట, టెక్కలిల్లో ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. పటాన్ని ఇద్దరి ఫోన్లలోనూ దించుకోండి, పగలు ఒక ఫోన్ ఆపి ఉంచండి.

జనవరిలో ఇక్కడ సూర్యోదయం సుమారు ఆరున్నరకు, సూర్యాస్తమయం ఐదు గంటల ముప్పైఐదు నిమిషాల ప్రాంతంలో. వెలుతురు బాగా వచ్చాకే ఒడ్డు ఎక్కండి. తెల్లవారుజామున ఒడ్డు పల్లెవారి కాలకృత్యాల చోటు కూడా, ఆ వేళ అపరిచితులు అక్కడ తిరగడం ముఖ్యంగా ఆడవారికి ఇబ్బంది. అంతకంటే పెద్ద కారణం ఎలుగుబంట్లు. ఉద్దానం జీడి, పనస తోటల్లో ఎలుగులు ఉన్నాయి, మనుషుల మీద పడి ప్రాణాలు తీసిన సంఘటనలూ ఉన్నాయి. అవి సాయంసంధ్య నుంచి తెల్లవారేదాకా తిరుగుతాయి, మనిషి హఠాత్తుగా ఎదురుపడితే బెదిరి మీద పడతాయి. ఒడ్డు విడిచి తోటల్లోంచి నడవవలసి వచ్చినప్పుడు పట్టపగలే నడవండి, ఇద్దరూ పక్కపక్కనే ఉండండి, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లండి. మాటల్లేక ముభావంగా నడిచే రోజు కూడా ఆ ఒక్క చోట మాట్లాడక తప్పదు.

ఒడ్డు మీద ఇద్దరి మధ్య దూరం ఎప్పుడూ కేకకు అందేంతలో ఉండాలి. ఫొటోలకో మరో పనికో ఒకరు ఆగితే చెప్పి ఆగాలి. రెండోవారు అక్కడే నిలబడాలి. పల్లెల ముందు నుంచి వెళ్లేటప్పుడు ఆరబెట్టిన చేపలనూ పరిచిన వలలనూ తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లండి. ఒడ్డున నిలబడి పెద్ద వల లాగుతున్నవారు కనబడితే తాడు దాటకుండా వెనక నుంచి పోవాలి. ఓ చెయ్యి వేస్తే ఇంకా మంచిది, ఆ రాత్రి మకాం సమస్య అక్కడే తీరిపోవచ్చు. సోంపేట, ఇచ్ఛాపురం వైపు వెళ్లేకొద్దీ ఒడియా మాట ఎక్కువగా వినిపిస్తుంది, తెలుగు అందరికీ అర్థమవుతుంది.

నీళ్లు దాటడం ఈ నడకలో అసలైన ప్రమాదం. బారువ దగ్గర మహేంద్రతనయ సముద్రంలో కలుస్తుంది. అదిగాక చిన్న గెడ్డలు (వాగులు), బీలల (చిత్తడి నేలల) నుంచి వచ్చే కాలువలు మధ్యమధ్య ఒడ్డును కోస్తుంటాయి. మొగలో, అంటే నీరు సముద్రంలో కలిసే చోట, ఇసుక తిన్నెలు ప్రతి వర్షాకాలానికీ చోటు మారతాయి, నిరుడు మోకాలిలోతున్న చోట ఈసారి తలమునకలు కావచ్చు. నీరు తీసే వేళ నది నీళ్లు సముద్రంలోకి ఉరవడిగా పోతాయి కనుక అప్పుడు మొగలో దిగినవారిని లోపలికి లాగేస్తాయి. నియమం ఇది: అక్కడివారెవరైనా మీ కళ్లముందు నడిచి దాటిన కాలువనే మీరూ నడిచి దాటండి, అదీ ఒకరి తరువాత ఒకరు, సంచి నడుము పట్టీ విప్పి ఉంచి, ఒకరు దాటేదాకా రెండోవారు ఒడ్డున నిలబడి చూస్తూ. లేదంటే పడవ అడగండి, అదీ లేకపోతే లోపలికి నడిచి రోడ్డు వంతెన మీదుగా రండి. గంట పోతుంది, పోనివ్వండి. సముద్రస్నానం మాత్రం మానుకోండి. ఈ తీరంలో కెరటం విరిగాక వెనక్కి లాగే నీరు బలమైనది, ఇద్దరిలో ఒకరు కొట్టుకుపోతే రెండోవారు దూకడం తప్ప మరో ఉపాయం కనబడని స్థితి వస్తుంది.

రాత్రి మకాం

మధ్యాహ్నం మూడున్నరకల్లా ఆ రోజు నడక ముగించాలి. మకాం కుదుర్చుకోవడానికి గంటకు పైగా పడుతుంది, అది చీకటిలో చేసే పని కాదు. పల్లెలోకి వెళ్లి ముందుగా సర్పంచినో కులపెద్దలనో, పనివేళలైతే గ్రామ సచివాలయంలోనివారినో కలిసి, ఎవరు మీరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్నాళ్లు అన్నది దాపరికం లేకుండా చెప్పి, తుఫాను రక్షిత భవనం వరండాలోనో గుడి మండపంలోనో పడుకోవడానికి అనుమతి అడగండి. స్త్రీ పురుషుల జత అయినా, ఇద్దరూ స్త్రీలే అయినా ప్రశ్నలు ఎక్కువే వస్తాయి. చిరాకుపడకుండా ఒకే జవాబు ఇద్దరూ చెప్పండి. ఎవరింట్లోనైనా అన్నం పెడితే డబ్బు ఇవ్వబోతే నొచ్చుకుంటారు, పిల్లల చేతిలో పండ్లో బిస్కెట్లో పెట్టడం మర్యాద.

గుడారం వేయవలసి వస్తే పోటు గీతకు చాలా ఎగువన, పల్లెకు కనుచూపు మేరలో వేయండి. వదులు ఇసుకలో మేకులు నిలవవు; గుడ్డ సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, మూరెడు లోతున పాతితే గాలికి కదలదు. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఈ ఒడ్డుకు గుడ్లు పెట్టడానికి వస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటికి రక్షణ ఉంది. ఒడ్డున మంట వేయకండి, టార్చి నేలకేసి పట్టండి, తాబేలు కనబడితే దూరంగా కదలకుండా ఉండిపోండి.

పడుకునేముందు పావుగంట, రేపటి పోటు వేళ, నీళ్లు, పాదాల పరిస్థితి, ఉమ్మడి సంచిలో మిగిలిన డబ్బు, ఈ నాలుగూ మాట్లాడుకోండి. పగలు మనసులో పెట్టుకున్న చిన్న కినుకలు ఏవైనా ఉంటే చెప్పుకోవడానికి ఇదే వేళ. పొద్దున సంచి కట్టేటప్పుడు వాటిని తీయకండి, అప్పుడు ఇద్దరూ ఆకలి మీద ఉంటారు.

మానుకోవలసినప్పుడు

జ్వరం, వాంతులు, విరేచనాలు ఒక పూటకు తగ్గకపోవడం, కాలు నేల మీద మోపలేకపోవడం, ఛాతీలో నొప్పి, పాముకాటు, తుఫాను హెచ్చరిక: వీటిలో ఏది ఎదురైనా నడక ఆ క్షణమే ముగిసినట్టు. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టు బిగించడం, నోటితో పీల్చడం చేయకుండా, కరిచిన అవయవాన్ని కదలనివ్వకుండా, 108కి ఫోన్ చేసి లేదా దొరికిన బండిలో వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒకరికి బాగాలేనప్పుడు రెండోవారు మిగిలిన దారి ఒంటరిగా పూర్తి చేయడం కుదరదని ముందే అనుకోండి. బారువ సగం దారి కనుక అక్కడికి చేరిన సాయంత్రం, ఎవరికీ ఏమీ కాకపోయినా, ముందుకు వెళ్లాలా వద్దా అన్నది మళ్లీ కొత్తగా ఒకరినొకరు అడగండి. అక్కడితో ఆపి సోంపేట వెళ్లి రైలో బస్సో పట్టుకున్నా రెండు రోజుల మంచి నడక చేసినట్టే.

డొంకూరు చేరాక ఇచ్ఛాపురానికి ఆటో మాట్లాడుకుని, ఇంటికి ఫోన్ చేసి, మకాం ఇచ్చిన పల్లె పెద్దలకు కూడా చేరామని ఒక మాట చెప్పండి. రైలు రావడానికి సమయం ఉంటే ఉమ్మడి సంచిలో మిగిలిన డబ్బును స్టేషనులోనే చెరిసగం పంచుకోండి. ఇల్లు చేరిన రోజే గుడారాన్ని, సంచి జిప్పులను, చెప్పుల బకిళ్లను మంచినీళ్లతో బాగా కడిగి నీడన ఆరవేయాలి. ఉప్పు పట్టిన జిప్పు వారంలో బిగుసుకుపోతుంది.